వెండితెరపై కంపెనీల పుట్టుక

ఒక రాజ్యము పుట్టుకను వర్ణింపబూనిన కవికి యుద్ధమున్నది, కోటగోడ యున్నది, పట్టాభిషేకమున్నది. ఒక సాంకేతిక సంస్థ పుట్టుకను చిత్రింపబూనిన దర్శకునికి అట్టి సామగ్రి ఏదియు సిద్ధముగా నుండదు. ఇద్దరు ముగ్గురు యువకులు ఇరుకు గదిలో కూర్చుండి, అర్ధరాత్రి దాటిన పిమ్మట సైతము తెరవైపు చూచుచు మీటలు నొక్కుచుందురు. ఎక్కడనో ఒక న్యాయవాది కార్యాలయమున కాగితములపై సంతకములు జరుగును. మఱియొకచోట బ్యాంకు ఖాతాలో సొమ్ము చేరును. కంటికి కనబడునది ఇంతకు మించి లేదు. ఐనను గడచిన పాతికేండ్లలో అమెరికా, ఇంగ్లండు, కెనడా, స్వీడను, జర్మనీ దేశములనుండి ఈ వస్తువుపై వెలువడిన చిత్రములును ధారావాహికలును ఒక ప్రత్యేక శాఖగా ఎన్నదగినంత విరివిగా పెరిగినవి. వీనిని గూర్చి విమర్శకులు సర్వసాధారణముగా అడుగు ప్రశ్న, ఇందులో నిజమెంత, కల్పన యెంత యనునది. ఆ ప్రశ్న అవసరమైనదే. కాని దానికన్న ముందు అడుగవలసినది వేఱొకటి కలదని నా నిశ్చయము. ఈ కథలలో పని ఎక్కడ నున్నది? ఒక వస్తువును లేనిస్థితినుండి ఉన్నస్థితికి తెచ్చిన శ్రమ, ఆ శ్రమలో పాలుపంచుకొన్న పదుగురి చేతులు, ప్రేక్షకుని కన్నులకు ఎంతవరకు కనబడుచున్నవి? ఈ శాఖలోని మేలును కీడును ఈ ఒక్క ప్రమాణముతోనే చాలవరకు విడదీయవచ్చును.

ఈ విచారము మనకు పరాయిది కాదు. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి చూచినను, అంతకు ముందే సముద్రములు దాటినవారిని కలుపుకొని చూచినను, సాఫ్ట్‌వేరు పని యెఱుగని వీథి తెలుగు పట్టణములలో అరుదు. రిలీజు ముందటి రాత్రి ఇల్లు చేరని కొడుకును గూర్చి, అమెరికావారి పగటికి సరిపోవునట్లు తన రాత్రిని మార్చుకొన్న కోడలిని గూర్చి, ప్రొడక్షనులో బగ్గు వచ్చినదని పెండ్లిపందిరిలోనే ల్యాప్‌టాపు తెరచిన అల్లుని గూర్చి మన యిండ్లలో నిత్యము చెప్పుకొనుచునే యుందురు. ఆ పనియందే జీవితములను వెచ్చించుచున్న ఇంత జనసమూహమునకు, ఆ పని పుట్టిన తావుల కథలు ఏ రూపమున చేరుచున్నవో పరిశీలించుట మన పత్రికలకు తగిన పనియే.

ఈ శాఖకు మూలపురుషులు కంప్యూటరుకన్న పాతవారు. 1939లో ట్వెంటియత్ సెంచురీ ఫాక్స్ సంస్థ టెలిఫోనును కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ చరిత్రను తెరకెక్కించినది. డాన్ అమీచీ బెల్‌గాను, హెన్రీ ఫోండా అతని సహాయకుడైన వాట్సనుగాను నటించిరి. ఆ చిత్రము ప్రజలలో నెంతగా నాటుకొన్నదనగా, అమెరికా వాడుకభాషలో కొంతకాలము అమీచీ పేరు టెలిఫోనుకే మారుపేరైనది. మరుసటి యేట మెట్రో గోల్డ్‌విన్ మేయర్ వారు స్పెన్సర్ ట్రేసీతో ‘ఎడిసన్ ది మాన్’ తీసిరి. నేడు ఈ రెండింటిని చూచినచో, తరువాతి తరములవారు వాడుకొన్న పనిముట్లన్నియు వీనియందే అమరియుండుట విస్మయము గొల్పును. బెల్ కథ వెస్టర్న్ యూనియన్ అను మహాసంస్థతో నడచిన వ్యాజ్యమువైపు సాగి న్యాయస్థానమున పరాకాష్ఠ నందుకొనును. ఎడిసను కథ 1929 నాటి సన్మానసభలో వృద్ధుడైన నాయకునితో ఆరంభమై గతములోనికి మరలును. అప్పులవారి ఒత్తిడి, పెద్ద సంస్థల దౌర్జన్యము, నమ్మి వెంటనడచిన భార్య, ఇవన్నియు అప్పుడే స్థిరపడినవి. ఐతే ఆ పాతచిత్రములకు ఒక మేలైన గుణము గలదు. మెన్లో పార్కు ప్రయోగశాలలో దీపము వెలిగిన పిదప, అది ఎన్నిగంటలు నిలుచునో యని పనివారందరు దానిచుట్టు చేరి కాచుకొను ఘట్టమున, ఆ విజయము గుంపుదను సంగతి మాటల సాయము లేకయే బోధపడును. దీపము వెలుగును, లేదా ఆరిపోవును. ప్రేక్షకునికి మఱియొక వ్యాఖ్యానముతో పని లేదు. సాఫ్ట్‌వేరును తెరకెక్కించువానికి ఈ సౌలభ్యము లేకపోవుటయే తరువాతి చిక్కులన్నిటికి మూలము.

రెండు యుగముల నడుమ వంతెనవలె నిలిచినది ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా 1988లో తీసిన ‘టక్కర్’. ప్రెస్టన్ టక్కర్ అను నతడు రెండవ ప్రపంచయుద్ధానంతరము డెట్రాయిటు కార్ల కంపెనీలతో తలపడి, 51 కార్లు తయారగు సరికి వ్యాజ్యములపాలై, నిర్దోషిగా బయటపడియు కంపెనీని పోగొట్టుకొన్న కథ యది. గెలుపుతో ముగియని స్థాపన సైతము కథావస్తువు కాగలదని అది నిరూపించెను.

కంప్యూటరు యుగమును పట్టుకొన్న తొలి చెప్పుకోదగిన ప్రయత్నము 1999లో టి.ఎన్.టి. టెలివిజనువారికై మార్టిన్ బర్క్ తీసిన ‘పైరేట్స్ ఆఫ్ సిలికాన్ వ్యాలీ’. పాల్ ఫ్రీబర్గర్, మైకేల్ స్వైన్ అను పాత్రికేయుల గ్రంథము దీనికాధారము. నోవా వైలీ స్టీవ్ జాబ్స్‌గాను, ఆంథొనీ మైకేల్ హాల్ బిల్ గేట్స్‌గాను నటించిరి. పోలిక ఎంత చక్కగా కుదిరెననగా, ఆ యేడు న్యూయార్కు మాక్‌వరల్డ్ సభలో జాబ్స్ స్వయముగా వైలీని వేదికపైకి రప్పించి, తన వేషముతోనే సభికులను పలుకరింపజేసెను. చౌకగా తీసిన చిత్రమే. కాని ఒక ఘట్టమున అది తరువాతి ఘనచిత్రములెన్నిటికో సాధ్యముకాని పని సాధించినది. 1980లో ఐ.బి.ఎం. అధికారులతో గేట్స్ బేరమాడు సమయమున చుట్టునున్న దృశ్యము నిలిచిపోవగా, గేట్స్ సహచరుడైన స్టీవ్ బామర్ పాత్రధారి అందులోనుండి వెలికి వచ్చి, ప్రేక్షకునివైపు తిరిగి, ఇప్పుడు జరుగుచున్న దేమో విడమరచి చెప్పును. గేట్స్ ఆ సాఫ్ట్‌వేరును అమ్ముట లేదు, వాడుకొనుటకు అనుమతి మాత్రమే యిచ్చుచున్నాడు. పైగా ఆ సాఫ్ట్‌వేరు అప్పటికి అతనియొద్ద లేనే లేదు, సియాటిల్‌లోని ఒక చిన్న సంస్థనుండి కొనవలసియున్నది. లాభమంతయు యంత్రములోనే యున్నదని ఐ.బి.ఎం. వారు నమ్మియుండిరి. ఒక ఒప్పందములోని ఒక్క షరతు ఒక యుగమును తలక్రిందులు చేయగలదని ఇంత సులభముగా, ఇంత స్పష్టముగా చూపిన దృశ్యము ఈ శాఖలో మఱియొకటి లేదు. అదే చిత్రమున జిరాక్సువారి పరిశోధనాలయమైన పార్క్‌లో, పరిశోధకులు వలదన్నను యాజమాన్యము ఆపిల్‌వారికి తలుపులు తెరచు ఘట్టము కూడ గలదు. ఆ పరిశోధకులే మౌసును, కిటికీలతో కూడిన తెరను పెంచి పెద్దజేసినవారు. వారికి చిత్రములో కొద్ది నిమిషములే దక్కినవి, కాని ఆ కొద్ది నిమిషములలో వారి కోపము న్యాయమైనదని మనకు తెలియును.

2010లో వచ్చిన ‘ది సోషల్ నెట్‌వర్క్’ ఈ శాఖకు సాహిత్య గౌరవమును సంపాదించిపెట్టినది. బెన్ మెజ్రిచ్ గ్రంథమునుండి ఆరన్ సార్కిన్ రచించిన దానిని డేవిడ్ ఫించర్ దర్శకత్వము వహించి తీసెను. అనుసరణ రచనకు, సంగీతమునకు, కూర్పునకు మూడు ఆస్కారు బహుమతులు వచ్చినవి. దీని నిర్మాణము తిలకింపదగినది. వేఱువేఱు వాదులు పెట్టిన రెండు వ్యాజ్యములలో జరుగు విచారణలను పక్కపక్కన నిలిపి, ఒక్కొక్క సాక్ష్యమునుండి గతములోనికి దిగుచు, ఏ యొక్కరి మాటయు పూర్తి సత్యమని తేల్చక సార్కిన్ కథ నడపెను. బెల్ చిత్రములోని న్యాయస్థానమే ఇది. నాడది నిజమును నిగ్గుదేల్చినది, నేడది నిజమును ముక్కలు చేసి పంచిపెట్టినది.

ఈ చిత్రమున పని కనబడు ఘట్టము ఒకటున్నది, అది అద్భుతము. 2003 శరత్కాలమున, హార్వర్డు వసతిగృహములో, మార్క్ జుకర్‌బర్గ్ ఒక్క రాత్రిలో ఫేస్‌మ్యాష్ అను పోలికల ఆటను కూర్చును. ఒక్కొక్క వసతిగృహపు సర్వరులోనికి ఎట్లు చొరబడవలెనో, ఎక్కడ సులభమో, ఎక్కడ కష్టమో తనలో తాను చెప్పుకొనుచు మీటలు నొక్కుచుండగా, మిత్రుడు ఎడ్వర్డో సావెరిన్ లోనికి వచ్చి, అడిగిన గణితసూత్రమును కిటికీ అద్దముపై వ్రాయును. వ్రాత, అద్దము, నిద్రలేని ముఖములు, వేగముగా మారుచున్న తెర, వీనినన్నిటిని సంగీతముతో కూర్చిన తీరున ప్రోగ్రాము వ్రాయువాని తన్మయత్వము తొలిసారి వెండితెరపై యథాతథముగా నిలిచినది. ఆ పని చేసినవా డెవడైనను ఆ పది నిమిషములను చూచి ఔనని తల యూపును. ఐతే ఆ పిమ్మట ఫేస్‌బుక్ అను అసలు వస్తువు తయారగుటను చిత్రము దాదాపు దాటవేసినది. 2004 ఫిబ్రవరి 4న తెరచిన ఆ స్థలము కోట్లమంది భారమునకు కూలిపోకుండ ఎవరు నిలిపిరి, ఎట్లు నిలిపిరి యను వానికి బదులు, ఎవరు ఎవరిని మోసగించిరి యనునదే మిగిలినది. సావెరిన్ వాటా 0.03 శాతమునకు పలుచబడినదని తెలిసి అతడు ల్యాప్‌టాపును నేలకేసి కొట్టు దృశ్యము నాటకముగా గొప్పదే. సంస్థలో తొలి మిత్రుని వాటాను కొత్త షేర్లతో పలుచన చేయుట యెట్లో సామాన్యునికి దానివలననే తెలిసినది. దానిని నేను తక్కువ చేయను.

కాని ఈ చిత్రముపై నాకు రెండు అభ్యంతరములు గలవు. మొదటిది, కథకు బీజముగా నాటిన ప్రియురాలి తిరస్కారము కల్పితము. నిజమున జుకర్‌బర్గ్ తనకు కాబోవు భార్యను ఆ కాలముననే ఎఱుగును. ఒక మనిషి పది లక్షల వరుసల పనికి పూనుకొనుటకు ఆడుదాని కాదనుట తప్ప వేఱు కారణము తోచకపోవుట రచయిత ఊహకు దారిద్ర్యమే. నిర్మించుటయందలి ఆనందము అను కారణము ఒకటి యుండునని, అది పరువు, పగ, ప్రేమలకన్న బలమైనది కావచ్చునని ఈ చిత్రము ఒప్పుకొనదు. తాను ధరించిన చొక్కాలను మాత్రము సరిగా చూపిరని జుకర్‌బర్గ్ స్టాన్‌ఫర్డులో సభికుల యెదుట చెప్పిన మాటలో ఈ వేదనయే యున్నది. రెండవది, వ్యాజ్యము వేసినవారిలో ఒకడైన దివ్య నరేంద్ర భారతీయ దంపతుల బిడ్డ; ఆ పాత్రను ఆంగ్ల నటుడు మాక్స్ మింఘెల్లాకు ఇచ్చిరి. సిలికాను లోయలో మనవారు లేని అంతస్తు లేదు. తెరపైకి వచ్చునపుడు మాత్రము ఉన్న ఒక్క పాత్రకును మన ముఖము దక్కలేదు.

స్టీవ్ జాబ్స్ మరణానంతరము వచ్చిన రెండు చిత్రములలో మొదటిది, 2013లో ఆష్టన్ కుచర్ నటించినది, నడకను అనుకరించినంతగా మనసును అనుకరింపలేకపోయినది. దాని విషయమున ఇంతకన్న చెప్పవలసినది లేదు. రెండవది, 2015లో డానీ బోయిల్ తీసినది, ఈ శాఖలోని అతిసాహసము. సార్కినే రచయిత, వాల్టర్ ఐజాక్‌సన్ జీవితచరిత్ర ఆధారము. పుట్టుకనుండి మరణమువరకు నడపు పద్ధతిని పూర్తిగా విడిచి, 1984లో మాకింటాష్, 1988లో నెక్స్ట్, 1998లో ఐమాక్ అను మూడు యంత్రముల ఆవిష్కరణ సభలకు ముందటి ఘడియలనే మూడంకములుగా గ్రహించి, మొదటిదానిని 16 మిల్లీమీటర్ల ఫిల్ముపైన, రెండవదానిని 35 మిల్లీమీటర్ల ఫిల్ముపైన, మూడవదానిని డిజిటలు కెమెరాతోను తీసిరి. తెర వెనుక నడవలు, వేషపు గదులు, తలుపు తెరచి లోనికి వచ్చు పాత్రలు: ఇది మన రంగస్థల నాటకమునకు చుట్టమే. మైకేల్ ఫాస్‌బెండర్ జాబ్స్. కేట్ విన్‌స్లెట్ అతని మాటకు ఎదురాడగల సహోద్యోగిని జొయాన్నా హాఫ్‌మన్.

మూడంకములలో మొదటిదానియందును కడపటిదానియందును ఆపిల్ సహస్థాపకుడైన స్టీవ్ వోజ్నియాక్ జాబ్స్ నొద్దకు వచ్చి ఒకే కోరిక కోరును. ఇన్నేండ్లు సంస్థకు అన్నము పెట్టినది ఆపిల్ టూ యంత్రము. దానిని రూపొందించిన జట్టును వేదికపైనుండి ఒక్క మాటతో పేర్కొనుము. జాబ్స్ అంగీకరింపడు. కడపటి అంకమున, సభాస్థలిలో ఇతరులందరు వినుచుండగా, ఈ వాదము భగ్గుమనును. ఈ సంభాషణలు తనకును జాబ్స్‌కును నడుమ జరుగలేదని వోజ్నియాక్ స్వయముగా చెప్పియున్నాడు. కాని ఈ కల్పనను నేను మనసారా సమర్థింతును. ఏలయన, ఈ శాఖయంతయు చేయుచున్న అన్యాయము ఇక్కడ ఒక పాత్రనోట బయటపడినది. వేదికపై నిలిచినవాడొకడు, యంత్రమును చేసినవారు కుర్చీలలో కూర్చున్నవారు. ఆ వరుసలవైపు ఒక్క మాట విసరుటకు సైతము మనసొప్పని సంస్కృతిని ఆ సన్నివేశము నిలదీసినది. ఆ చిత్రము ధనము రాబట్టలేకపోయినను కాలమునకు నిలుచునని నా నమ్మకము.

అమెరికాను విడిచి ఇంగ్లండునకు వచ్చినచో వాతావరణము మారును. 2009లో బి.బి.సి. వారు ప్రసారము చేసిన ‘మైక్రో మెన్’ కేంబ్రిడ్జి పట్టణములో క్లైవ్ సింక్లేరునకును, అతనినుండి విడిపోయి ఏకార్న్ సంస్థను నెలకొల్పిన క్రిస్ కర్రీకిని నడుమ జరిగిన పోటీ కథ. బి.బి.సి. పాఠశాలలకై ఒక కంప్యూటరు కావలెననగా, ఏకార్న్ యువకులు వారము తిరుగకముందే నమూనా యంత్రమును నిలబెట్టవలసివచ్చెను. తీగల చిక్కుముడిపై వంగిన ఆ తలలను చూపినంతసేపు చిత్రము గుండె నిండుగా కొట్టుకొనును. ఆ యంత్రపు నిర్మాతలైన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనువారే తరువాత ఆర్మ్ అను ప్రాసెసరును రచించిరి; 1985లో తొలిసారి పనిచేసిన ఆ చిప్పు సంతతియే నేడు మన చేతిలోని ఫోనులన్నిటిలో నున్నది. చిత్రములో ఒక పానశాల దృశ్యమున యజమానురాలుగా కనబడు స్త్రీ సాక్షాత్తు సోఫీ విల్సనే. తెలిసినవారికి తప్ప తెలియదు. ప్రపంచములోని కోట్లకొలది యంత్రములకు ఆలోచన నేర్పిన మనిషి, తన కథను చెప్పు చిత్రములోనే పేరులేని వేషములో గడపి పోయినది.

పని కనబడవలెనను నా ప్రమాణమునకు పూర్తిగా నిలిచినది 2023 నాటి కెనడా చిత్రము ‘బ్లాక్‌బెరీ’. మాట్ జాన్సన్ దర్శకుడు. ఒంటారియో రాష్ట్రములోని వాటర్లూ పట్టణమున 1984లో పుట్టిన రీసెర్చ్ ఇన్ మోషన్ సంస్థలో ఇంజనీరు మైక్ లాజరిడిస్‌ను, వ్యాపారమును నడిపించుటకు వచ్చిన జిమ్ బాల్సిలీని ఎదురెదురుగా నిలిపి నడచిన కథ యది. మొదట్లోనే ఒక చిన్న సంగతి గలదు. పెట్టుబడి యడుగుటకు వచ్చిన లాజరిడిస్, ఆ కార్యాలయములోని బల్లపై ఇంటర్‌కామ్ పెట్టె సన్నగా రొద పెట్టుచుండుట వినును. ఎదుటివాడు ఇంకను రాలేదు, అతడు కూర్చుండలేడు. కాగితములకు పెట్టు క్లిప్పు నొకదానిని వంచి, పెట్టె విప్పి, లోపలి లోపమును సరిచేసి, రొద ఆగిన పిదప గాని నెమ్మదింపడు. ఆ మనిషి యెవరో తెలియుటకు ఇక మాటలతో పని లేదు. పిదప, అమెరికాలోని ఒక ఫోను కంపెనీకి చూపవలసిన నమూనాను చేతికి దొరికిన భాగములతో ఒక్క రాత్రిలో కూర్చుట. ఒక్క సెల్ గోపురముపై ఇన్ని ఫోనులు నిలుచునా యను సాంకేతిక సమస్యను నాటకములో భాగము చేయుట. జట్టులో సినిమారాత్రులు నడపుచు నవ్వుకొన్న కుఱ్ఱవాండ్రు, క్రమశిక్షణ పేరిట వచ్చిన అధికారి గద్దింపులకు మూగవోవుట, ఇవన్నియు చేతులకును గుండెకును తగులును. ఐఫోను వచ్చిన తరువాత, తొందరలో చైనాలో చేయించిన కొత్త ఫోనులు పెట్టెలకొలది వచ్చి చేరును. లాజరిడిస్ ఒకదానిని చెవివద్ద పెట్టుకొనును, అదే రొద. మఱియొకటి తీయును, అదే. అతడు పనిముట్లు తీసికొని, ఒక్కొక్క ఫోనును విప్పి, ఒంటరిగా సరిచేయ మొదలిడును. ఒకప్పుడు ఫోనుల విపణిని ఏలిన సంస్థ కూలుచున్నదను సంగతి, సంఖ్యలతో గాక ఆ రొదతోనే తెలిసిపోయినది. పనిలోని నాణ్యమే మానమైన మనిషి తన మానమును తానే విడిచి తిరిగి వెదకుకొనుచున్నాడు. ఈ శాఖలో ఇంతటి కరుణరసము నాకు మఱెక్కడను కనబడలేదు.

పూర్తిగా కల్పితములైన పాత్రలతో సత్యమునకు దగ్గరగా పోవచ్చునని నిరూపించినది 2014 మొదలు 2017 వరకు నాలుగు భాగములుగా నడచిన ‘హాల్ట్ అండ్ క్యాచ్ ఫైర్’. టెక్సాసులోని ఒక ఊహాకల్పిత సంస్థ ఐ.బి.ఎం. యంత్రమునకు ప్రతిరూపము చేయబూనును. 1982లో హ్యూస్టనులో పుట్టిన కాంపాక్ చేసిన పని ఇట్టిదే. తొలి భాగములోనే ఇద్దరు మనుష్యులు వాహనశాలలో కూర్చుండి, చిప్పులోని విలువలను ఒక్కొక్కటిగా ఒకరు చదువుచుండగా మఱియొకరు వ్రాసికొనుట విసుగులేకుండ చూపిరి. ఆ సంకేతమును ఒక్కసారియైనను చూడని మనిషి కొత్తగా వ్రాసినగాని చట్టము ఊరుకొనదు గనుక కెమెరన్ అను యువతి ప్రవేశించును. బ్రదికియున్న ఏ మనిషి గౌరవమునకును జవాబు చెప్పుకొనవలసిన పని లేకపోవుటచే, రచయితలు ఓటమిని, ఈర్ష్యను, స్నేహమును, ఇద్దరు స్త్రీలు కలిసి నడపిన సంస్థ పగిలిపోవుటను యథేచ్ఛగా, నిదానముగా చిత్రింపగలిగిరి. నలుబది గంటల నిడివిగల ధారావాహికకు గల అవకాశము రెండు గంటల చిత్రమునకు లేదను మాట నిజమే. ఐనను స్వీడనువారి ‘ది ప్లేలిస్ట్’ ఆరు భాగములలోనే స్పాటిఫై పుట్టుకను ఆరుగురి కన్నులనుండి, అనగా స్థాపకుడు, పాటల కంపెనీవాడు, న్యాయవాది, ప్రోగ్రామరు, భాగస్వామి, గాయని వీరి కన్నులనుండి తిరిగి తిరిగి చెప్పి, ఒక్కొక్కమాఱు ముందటి కథను కొంత అబద్ధము చేసెను. ఈ పద్ధతిలో ప్రోగ్రామరునకు తన వంతు దక్కినది. గాయని అడిగిన కూలి ప్రశ్న మాత్రము కడవరకు జవాబులేకయే నిలిచినది. జర్మనులు 2021లో తీసిన ‘ది బిలియన్ డాలర్ కోడ్’ బెర్లినులో భూగోళమును తెరపై తిప్పిన కొందఱు కళాకారులు గూగుల్‌పై వేసిన వ్యాజ్యము కథ; ఓడినవారు చెప్పు స్థాపనకథ యది.

2022లో మోసపు కథలు వరుసగా వచ్చినవి. వీవర్క్, ఊబరు సంస్థలపై వచ్చినవి మితిమీరిన మనుష్యుల ప్రదర్శనలు మాత్రమే. ‘ది డ్రాపౌట్’ వేఱు. 2003లో పందొమ్మిదేండ్ల ప్రాయమున ఎలిజబెత్ హోమ్స్ నెలకొల్పిన థెరనోస్, వేలికొన రక్తముతో పరీక్షలన్నియు చేయుదునన్న యంత్రమునకు ఎడిసన్ అని పేరు పెట్టుకొన్నది. 1940 నాటి దీపము దగ్గర కాచుకొన్న పనివారిని తలచుకొన్నవారికి ఆ పేరు గుచ్చుకొనును. స్విట్జర్లాండులో ఒక ఔషధ సంస్థ యెదుట యంత్రమును చూపవలసిన ముందటి రాత్రి ఇంజనీర్లు నేలపై కూర్చుండి దానిని పనిచేయింపజూచు ఘట్టము ఈ శాఖకు విలోమదర్పణము: ఇక్కడ దీపము వెలుగదు, కాని వెలిగినదని చెప్పుదురు. అమాండా సైఫ్రెడ్‌కు ఎమ్మీ బహుమతి వచ్చినది. కాని ఆ ధారావాహికకు ప్రాణము ప్రయోగశాలలోని చిన్న ఉద్యోగులు. యంత్రము పనిచేయదని మొదట తెలిసినది వారికే. పని సత్యము చెప్పును, సభ అబద్ధమాడును అను సంగతిని నటీనటులచే ఇంత ఓపికగా చెప్పించుట చిన్న విషయము కాదు. అసలు హోమ్స్‌ను 2022 జనవరిలో న్యాయస్థానము నాలుగు నేరములలో దోషిగా నిర్ణయించెను.

2023 నాటి ‘టెట్రిస్’ను గూర్చి ఒక్క మాట. మాస్కోలో అలెక్సీ పాజిట్నోవ్ కూర్చిన ఆ ఆట హక్కులకై హెంక్ రోజర్స్ మొదలగువారు సోవియట్ ప్రభుత్వ సంస్థతో సాగించిన బేరములలో, ఒప్పందమున కంప్యూటరనగా తెర, డిస్కు, మీటలపలక గలదని ఒక నిర్వచనము చేర్చుటచే ఇంటిలో ఆడుకొను ఆటయంత్రముల హక్కు వేఱైపోయినది. ఇంతకన్న పసందైన మలుపు ఏ రచయిత ఊహించును? అది చేతనుండగా, వీథులలో కార్ల వెంటతఱుము లేనిదానిని కల్పించి చేర్చుట ఎందులకో నాకు బోధపడదు.

మనదేశమునకు వత్తము. తెలుగు చిత్రములలో కంపెనీ సాధారణముగా కథానాయకుని ఐశ్వర్యమునకు కారణము మాత్రమే. 2019 నాటి ‘మహర్షి’లో నాయకుడు అమెరికాలో పెద్ద సంస్థకు అధిపతి, కాని కథకు కావలసినది అతడు పల్లెకు తిరిగివచ్చుటయే. సంస్థ పుట్టుకనే కథగా గ్రహించినది తమిళమున సుధ కొంగర 2020లో తీసిన ‘సూరరై పోట్రు’. తెలుగున ‘ఆకాశం నీ హద్దురా’గా మనవారు ఆదరించినారు. ఎయిర్ డెక్కన్ స్థాపించిన కెప్టెన్ గోపీనాథ్ ఆత్మకథ దీనికి మూలము. అది విమానముల సంస్థయైనను, సామాన్యునికి అందని యంత్రమును అందుబాటులోనికి తెచ్చిన స్థాపకుని కథ గనుక ఈ పంక్తిలోనే చేరును. తండ్రి కడసారి చూపునకై ఊరు చేరవలసిన కొడుకు, టిక్కెట్టుకు చాలని సొమ్మునకై విమానాశ్రయములో తోటి ప్రయాణికులముందు చేయి చాచు దృశ్యమున కంటతడి పెట్టనివారు అరుదు. కాని కర్ణాటకలోని గోరూరు మనిషిని మధుర ప్రాంతమునకు తరలించిన కల్పనకన్న, సంస్థ కష్టములన్నిటిని ఒక్క ప్రతినాయకుని కుట్రలకు అప్పగించిన కల్పన నన్ను బాధించినది. 2003లో హైదరాబాదునుండి విజయవాడకు బయలుదేరవలసిన ఎయిర్ డెక్కన్ విమానము ఇంజనులో ప్రముఖ నాయకులు ఎక్కియుండగానే మంటలు చెలరేగిన సంగతి ఆనాటి పత్రికలు చదివినవారికి జ్ఞప్తియే. ఇట్టి విఘ్నమును తట్టుకొని మరునాడు మరల విమానమును ఎగురవేయుట యెట్లో చూపుటలో ఉన్న నాటకము, దుర్మార్గుని నవ్వులో ఉండదు.

భాభా, సారాభాయి అను శాస్త్రజ్ఞుల కథను చెప్పిన ‘రాకెట్ బాయ్స్’ ధారావాహిక విషయమున ఈ బాధ ఇంకను హెచ్చు. భాభా, సారాభాయి స్థాపించినవి కంపెనీలు కాకున్నను, 1963లో తుంబనుండి తొలి రాకెట్టు ఎగిరిన నాటి ఇరుకైన ఏర్పాట్లు, చర్చి భవనములో నడచిన కార్యాలయము, సైకిలుపై తరలిన భాగములు తెరకు ఎంత చక్కగా అమరినవో చూచినవారికి తెలియును. అంతటి సామగ్రియందు రజా మెహదీ అను లేని శాస్త్రజ్ఞుని కల్పించి, అతనిని ఈర్ష్యకు నిలయము చేసిరి. అతనియందు మేఘనాథ్ సాహా నీడను పోల్చుకొన్నవారు కోపగించుట సహజము. భాభాతో సాహాకు గల భేదము సిద్ధాంతభేదము. విజ్ఞానమును ఎవరు, ఎక్కడ, ఎవరి సొమ్ముతో నడపవలెను అను పెద్ద ప్రశ్నపై జరిగిన వాదము. దానిని వ్యక్తిద్వేషముగా మార్చుటవలన చరిత్రకు కలిగిన నష్టముకన్న నాటకమునకు కలిగిన నష్టమే ఎక్కువ.

కల్పనను నేను నిరాకరించుట లేదని ఇంతవరకు చదివినవారు గ్రహించియే యుందురు. వోజ్నియాక్ కోరిక కల్పితము. అది సంస్థయొక్క నిజమైన గాయమును వెలికి తెచ్చినది. ప్రియురాలి తిరస్కారము కల్పితము. అది నిజమైన కారణమును కప్పిపుచ్చినది. బ్రదికియున్నవారి పేరు పెట్టి కథ చెప్పువానికి ఈ భేదమును పాటించు బాధ్యత గలదు. పుస్తకము చదువనివారికి చిత్రమే చరిత్ర. ఒకసారి తెరపై దొంగగా కనబడినవాడు తరువాత ఎన్ని వివరణలిచ్చినను ఆ ముద్ర తొలగదు.

ఈ శాఖ ఇకముందు పోవలసిన దారికి తగిన వస్తువు కాలిఫోర్నియాలోనే పడియున్నది. 1957లో, నోబెల్ బహుమతి నందిన విలియం షాక్లీ దుర్భరమైన అధికారమును సహింపలేక ఎనిమిదిమంది యువశాస్త్రజ్ఞులు ఒక్కుమ్మడిగా బయటికి వచ్చి ఫెయిర్‌చైల్డ్ సెమికండక్టర్‌ను స్థాపించిరి. ఒప్పందపత్రము సిద్ధము కాకపోవుటచే, తమకు పెట్టుబడి వెదకిపెట్టువారితో కలిసి ఒక్క డాలరు నోట్లపైననే సంతకములు చేసికొనిరి. నోయిస్, మూర్ 1968లో మరల విడిపోయి ఇంటెల్ పెట్టిరి. తక్కినవారు వేఱువేఱు సంస్థలకు మూలమైరి. ఇందులో నాయకుడు ఒక్కడు లేడు, ద్రోహి యొక్కడు లేడు. రసాయనములతోను, కొలిమివేడితోను, సిలికాను పలకలతోను తలపడిన ఎనిమిది జతల చేతులున్నవి. ఎనిమిదిమందిని ఒక చట్రములో సమానముగా నిలుపగల దర్శకులు ప్రపంచ చలనచిత్రమునకు కొత్త కాదు. ఏడుగురు యోధులతో ఒక గ్రామమును కాపాడించిన కురొసావా 1954లోనే ఆ విద్యను చూపియున్నాడు.